పచ్చ చుక్క

కదపాలి. ఊరికే అటూ ఇటూ కదిపితే చాలు, దేన్నీ నొక్కకూడదు. అర్ఫా చెప్పులేసుకుంటూ కూడా అదే చెప్పింది. అమ్మమ్మా, ఇదిగో ఈ మూల నా పేరు పక్కన ఆవగింజంత చుక్కుంది చూడు, అది పచ్చగా ఉన్నంతసేపూ నేనిక్కడే కూర్చుని పని చేసుకుంటున్నట్టు, ఆఫీసులో అందరికీ అలాగే కనిపిస్తుంది, పచ్చగా ఉండేట్టు చూడు, అంతే. చూస్తాలే తల్లీ, నువ్వు పో, అవతల పిల్లాడు ఆకలికి గుక్కపట్టి ఉంటాడు అంది మౌలాబీ. వీధిలో బండి మీద కూర్చున్న హయాత్, అర్ఫా మొగుడు, నోరు కట్టుకుని ఉండలేడు గనక, మీ ఆఫీసుకి కొత్త ఉద్యోగి దొరికిందిలే, డెబ్బై రెండేళ్ల ఎక్స్‌పీరియన్సు అన్నాడు. అర్ఫా నవ్వలేదు. చెవులకి స్కార్ఫు బిగించి కట్టుకుని, వెనక సీటు మీద ఒకపక్కకి ఒరిగి, పళ్లు బిగపట్టి మెల్లగా కూర్చుంది. తొమ్మిది రోజుల పచ్చి బాలింత. కుట్లింకా ఆరలేదు. నలభై రోజులు గడప దాటకూడని మనిషి గతుకుల రోడ్డున పడి పోతోంది. పోక ఏం చేస్తుంది, పాలిక్కడా బిడ్డ అక్కడా అయినప్పుడు.

పదింటికి వెళ్లారు, పదకొండుకల్లా వచ్చేస్తామన్నారు. పిల్లల ఆసుపత్రిలో పదిన్నరకి తల్లుల్ని లోపలికి పిలుస్తారు, ఆ వేళ తప్పితే మళ్లీ సాయంత్రమే. పుట్టిన నాలుగో రోజున బిడ్డకి కామెర్లన్నారు. కళ్లకి గుడ్డ గంతలు కట్టి, ఒంటి మీద నూలుపోగు లేకుండా నీలం లైటు కింద పడుకోబెట్టారు. మౌలాబీ కూతురు ఫర్హానా, అంటే అర్ఫా తల్లి, ఐదు రోజులుగా ఆ వరండాలోనే చాప పరుచుకుని కాపలా ఉంటోంది. రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి ఏవో అంకెలు చెబుతుంది, పద్దెనిమిదంట, పదహారంట, పదిహేనున్నరంట. ఆ అంకెలు పెరిగితే మంచిదో తగ్గితే మంచిదో మొదటి రోజు మౌలాబీకి తెలియలేదు, తెలిసాక నిద్ర పట్టలేదు. కామెర్లన్న మాట విన్న రోజున ఆమె తినబోతున్న అన్నం కంచం పక్కకి జరిపేసింది. ఫర్హానా అడిగింది కూడా, ఏంటమ్మా అలా అయిపోయావు, ఈ రోజుల్లో ఇది జలుబు లాంటిదంట, డాక్టరే నవ్వుతూ చెప్పాడు అని. అవునులే అంది.

కదపాలి. దీన్ని ఎలక అంటారంట. నున్నగా, చల్లగా, అరచేతి కింద కోడిగుడ్డు పెట్టుకున్నట్టుంది. చెయ్యి వేసేముందు మౌలాబీ రెండుసార్లు అరచేతిని చీర కుచ్చిళ్లకి తుడుచుకుంది. అది అలవాటు. ఏ పసిబిడ్డని ముట్టుకోబోయినా, ఎవరి కన్నీళ్లు తుడవబోయినా ముందు చెయ్యి తుడుచుకుంటుంది. ముప్పై ఎనిమిదేళ్లు మిరపకాయలకి తొడిమలు తీసిన చెయ్యి. పని మానేసి పదిహేనేళ్లయింది, మంట ఎప్పుడో పోయింది, చెయ్యికి మాత్రం ఆ సంగతి తెలియదు. మునిమనవడు పుట్టినప్పుడు అర్ఫా పక్క మీద నుంచి, ఎత్తుకో అమ్మమ్మా అంటే, ఇప్పుడు కాదులే, చేతులు బాగాలేవు అంది. బాగాలేకపోవడమేంటని నర్సమ్మ చేతులు తిప్పి తిప్పి చూసింది.

ఈ ఉద్యోగం సంగతే మౌలాబీకి మొదటినుంచీ అంతుపట్టలేదు. ఆరో నెల కడుపుతో చేరింది అర్ఫా. చెప్తే తీసుకోరని చెప్పలేదు. చెప్పకుండా ఎలా దాగుతుందే అంటే, మెడ దాకానే కదా అమ్మమ్మా కనిపించేది అంది. నిజమే, ఆ కంప్యూటరు అద్దంలో మెడ దాకానే మనిషి. కింద కడుపు పెరుగుతున్నా, కాళ్లు వాస్తున్నా, బకెట్లో వేణ్నీళ్లు పోసుకుని పాదాలు ముంచి కూర్చున్నా పైన ముఖం మాత్రం నవ్వుతూ ఇంగ్లీషు మాట్లాడుతుండేది. నొప్పులొచ్చిన రోజు జ్వరమని చెప్పి నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఐదో రోజు నడుంకి గుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చుంది. కాంట్రాక్టు ఉద్యోగం, చేరి మూడు నెలలు, సెలవు అడిగే దారి లేదు. హయాత్ పని చేసే స్పిన్నింగు మిల్లు మూసి ఏడాది, ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో ఉంటే పని ఉంది, లేకపోతే లేదు. ఆ పెట్టె ఈ ఇంటి వైఫై దాటితే పలకదు, ఆసుపత్రికి తీసుకెళ్లే వీల్లేదు. ఎలకని దానంతటదే కదిపే యంత్రాలు కూడా దొరుకుతాయంట, పెడితే కంపెనీ పసిగడుతుందంట. మనిషి చెయ్యే కావాలి. ఇన్ని యంత్రాలు వచ్చి చివరికి ముసలిదాని చెయ్యి దగ్గర ఆగిందన్నమాట.

చోటు కాయడం అనేవాళ్లు దీన్ని మిరపకాయల కొట్లో. పెద్ద రేకుల షెడ్డు, రాసులు రాసులుగా ఎర్రటి కాయ, రాశి చుట్టూ ఆడవాళ్లు, నోటికీ ముక్కుకీ గుడ్డలు. అందరి పైనా లిడియమ్మ మేస్త్రీ. పొద్దున ఒకసారి, అన్నాలయ్యాక ఒకసారి తలలు లెక్క చూసుకునేది. నోరు మహా చెడ్డది. ఏమే, మొగుడు కలలోకొస్తున్నాడా, చెయ్యాడించు అనేది. కానీ ఫర్హానా పసిగుడ్డుగా ఉన్నప్పుడు, మూల దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లోంచి ఏడుపు వినపడగానే లిడియమ్మే వచ్చి మౌలాబీ చోట్లో చతికిలబడేది. పోవే, పోయి పాలిచ్చి రా, అందాకా నీ చోటు నేను కాస్తాను, షావుకారు వస్తే మౌలాబీని నేనే అంటాలే అనేది. రాశి ముందు ఒక తల తక్కువ కనిపించకూడదు, అంతే. ఆ మేస్త్రీకి ముఖం ఉండేది, తిట్టు ఉండేది, తిట్టాక జాలి ఉండేది. చుక్కకి ఏముంది. లిడియమ్మ కూడా పోయింది, సింగరాయకొండలో కొడుకు దగ్గర. కబురు అందేసరికి మూడు నెలలయింది. చివరిసారి మిర్చి యార్డు గేటు దగ్గర రిక్షా ఎక్కుతూ, వస్తానే అని కూడా అనకుండా, నీ చెప్పు తెగింది చూసుకో అంది. మనుషులు వెళ్లిపోయేటప్పుడు ఎప్పుడూ ఇలాంటి మాటలే అంటారు. మొగుడు బుడే కూడా అంతే. దూది ఏకే బద్ద భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి పరుపులు కుట్టిన మనిషి, ఆఖరి పొద్దున, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి చూడు అన్నాడు. ఆమె పొయ్యి దగ్గరకి వెళ్లి వచ్చేసరికి లేడు.

చదువు కూడా ఆ కొట్లోనే వచ్చింది. బస్తాల మీద నల్లరంగుతో ఊళ్ల పేర్లు వేసేవాళ్లు. దించే హమాలీలు పొదిలి అనో పర్చూరు అనో అరిచేవాళ్లు. ఆ అరుపుకీ ఆ గీతలకీ మనసులో ముడేసుకుంటూ పోయింది. మొట్టమొదట తనంతట తను చదివిన మాట పర్చూరు, పుట్టిన ఊరు. ఆ రోజు ఎవరికైనా చెప్పాలనిపించింది, సిగ్గేసి చెప్పలేదు. తర్వాత పొట్లాల కాగితాలు, తర్వాత పేపరు, తర్వాత లైబ్రరీ పుస్తకాలు. పుస్తకాల్లో ఎవరైనా ఊరొదిలి వెళ్లే ఘట్టం వస్తే మూసేసి, రెండు రోజులాగి తెరిచేది. ఇంగ్లీషు మాత్రం రాలేదు. ఇప్పుడీ అద్దం మీద ఇన్ని అక్షరాలున్నాయి, ఒక్కటీ పలకదు, అర్ఫా పేరు ఎక్కడుందో కూడా చుక్కని బట్టి గుర్తుపట్టాల్సిందే.

చుక్క. అయ్యో, చెయ్యి ఎప్పుడాగిందో. మౌలాబీ ఉలిక్కిపడి కళ్లజోడు సర్దుకుని అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది. ఉంది, పచ్చగానే ఉంది. అల్లాకి శుక్రు. నిజానికి ఇందాకటి కంటే పచ్చగా ఉంది, పసుపుకొమ్ము అరగదీసి బొట్టు పెట్టినట్టు నిగనిగలాడుతోంది. కళ్లలో శుక్లాలు ముదిరిపోయి తెల్లగుడ్డ కూడా టీ మరక పట్టినట్టు కనిపించే ఈ కళ్లకే ఇంత బాగా కనిపిస్తోందంటే బాగా కుదురుకుందన్నమాట. కదపకపోయినా నిలిచింది. ఇక కదిపి చెడగొట్టుకోవడం ఎందుకు, పొంగని పాలని కలియబెట్టినట్టు. మౌలాబీ చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుంది. యార్డు వైపు నుంచి గాలి తిరిగింది, ఘాటు గొంతులో పడి రెండు దగ్గులు దగ్గింది. ఇంతలో పెట్టె మోగింది. గంటలాంటి మోత, అద్దం మధ్యలో ఒక గుండ్రటి బొమ్మ, అందులో కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన. దేన్నీ నొక్కద్దంది. నొక్కలేదు. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఈయనే శివరామకృష్ణ గారేమో, అర్ఫా పైన మేస్త్రీ. పొదిలి మనిషంట, మంచివాడే, ఏదైనా అడిగితే ముందు సారీ అంటాడంట. మోగనీ. చుక్క పచ్చగా ఉంది, అర్ఫా ఇక్కడే ఉంది, బాత్రూముకి వెళ్లిందనుకుంటాడు. ఇప్పుడక్కడ బిడ్డ నోరు పట్టి ఉంటాడు. నీలం లైటు కింద నుంచి తీసి, గంతలు విప్పి, తల్లి చేతుల్లో పెట్టి ఉంటారు. తల్లి ముట్టుకుంటుంది. రెండు చేతులతో, వేళ్లన్నిటితో ముట్టుకుంటుంది.

తను ముట్టుకోలేదు, తన మొదటి కొడుకుని. వాణ్ణి పాలకి తప్ప దగ్గరకి తీసుకోలేదు, తీసుకున్నా చేతులు దూరంగా పెట్టుకునే. ఫర్హానాకి ముందు, ఫర్హానాకి రెండేళ్ల ముందు. అప్పుడింకా ఉయ్యాల కట్టే ధైర్యం రాలేదు, కొత్త. సీజను నడుస్తోంది, రాకపోతే చోట్లో ఇంకొకర్ని కూర్చోబెడతారని కబురొచ్చింది, తొమ్మిదో రోజున పనికెళ్లింది. చీకటి పడేవేళ ఇంటికొస్తే రొమ్ములు రాళ్లయి, చేతులు నిప్పులయి ఉండేవి. మజ్జిగ రాసి, ఆముదం రాసి, బూడిద రుద్ది కడిగినా మంట పోయేది కాదు. అత్తగారు పిల్లాణ్ణి పట్టుకుని రొమ్ముకి ఆనిస్తే, తను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, కట్టేసిన మనిషిలా కూర్చుని పాలిచ్చేది. ఎంత అందంగా ఉండేవాడు. వీధి వీధంతా వచ్చి చూసి వెళ్లింది. ఈ ఇంట్లో ఎవరిదే ఈ రంగు, పనసతొనలా ఉన్నాడు, ఎంత పచ్చగా ఉన్నాడో అన్నారు. బుడే మురిసిపోయి, దొరబిడ్డ మనింట్లో పుట్టాడు, వీడిచేత దూది ఏకించను అన్నాడు. దిష్టి తగులుతుందని తను వాడి బుగ్గన కాటుక పెట్టమంది, పెట్టింది అత్తగారే. రోజురోజుకీ ఇంకా పచ్చగా, ఇంకా పచ్చగా. ఏడ్చేవాడు కూడా కాదు, ఎప్పుడూ నిద్రే. బుద్ధిమంతుడు, తల్లి పనికి పోవాలని వాడికి తెలుసు అన్నారు. తాగడం మానేస్తే, చేతి ఘాటు తగిలి ఉంటుందిలే, రేపు తాగుతాడులే అన్నారు. పన్నెండో రోజున విల్లులా వెనక్కి విరుచుకున్నాడు. పెద్దాసుపత్రిలో డాక్టరు గారు రెప్ప పైకెత్తి చూసి అడిగాడు, ఎన్నాళ్ల నుంచి పచ్చగా ఉన్నాడమ్మా? తను సంబరంగా, పుట్టిన మూడో రోజు నుంచీ అండి, మంచి ఛాయండి అంది. ఆయన తలెత్తి తనవైపు చూసిన చూపు. తిట్టినా బాగుండేది. ఆ రోజు బుడే, మట్టి చేసేముందు బిడ్డ ముక్కుల్లో పెట్టడానికి గుప్పెడు దూది తీసుకుని, విత్తు ముక్క లేకుండా, నలక లేకుండా, ఒక పూటంతా ఏకాడు. ఎన్నాళ్ల నుంచి పచ్చగా ఉన్నాడమ్మా. యాభై రెండేళ్లు. యాభై రెండేళ్ల నుంచీ పచ్చగా ఉన్నాడు డాక్టరు గారూ.

పచ్చగా.

మౌలాబీ మెల్లగా తలెత్తింది. చేను పచ్చగా ఉందంటాం, చామంతీ పచ్చగా ఉందంటాం. నూరేళ్లు పచ్చగా ఉండమని దీవిస్తాం, ఏ పచ్చో దీవించేవాళ్లూ చెప్పరు, దీవెన పొందేవాళ్లూ అడగరు. ఆకూ పచ్చే, పసుపూ పచ్చే, కామెర్లూ పచ్చే. ఆమె ఎలకని పట్టుకుని బల్ల మీద గరగరా తిప్పింది. చుక్క ఒక్క రెప్పపాటు ఆగి రంగు మారింది. లేత చింతాకు రంగు, వరిమడి రంగు. ఇదా, అర్ఫా చూపించింది ఇదా. ఇందాక పసుపుకొమ్ములా మెరిసిందేంటి మరి. ఎంతసేపయింది. లిడియమ్మ దగ్గర నుంచి, బుడే దగ్గర నుంచి, బస్తాల దగ్గర నుంచి. గోడ గడియారం చూసింది. పదకొండుకి ఐదు నిమిషాలు. మౌలాబీ ఇక చెయ్యి తియ్యలేదు, కదుపుతూనే ఉంది, వీధిలో బండి ఆగిన చప్పుడు విన్నా కదుపుతూనే ఉంది.

అర్ఫా లోపలికొస్తూనే నవ్వింది. తొమ్మిది రోజుల్లో అదే నవ్వు. కామెర్ల అంకె పదకొండుకి తగ్గిందంట అమ్మమ్మా, రేపొక్కరోజు పెడితే చాలంట, ఎల్లుండి ఇచ్చేస్తారంట, ఎంత గట్టిగా పట్టాడో తెలుసా అంది. అంటూనే ఒంగి అద్దం చూసింది. నవ్వు ముఖం మీదనుంచి పూర్తిగా పోలేదు, సగంలో నిలబడిపోయింది. నాలుగు ఫోన్లు, ఆరు మెసేజీలు, ముప్పై ఎనిమిది నిమిషాలు మనిషి లేనట్టు.

"కదపలేదా అమ్మమ్మా?"

"పచ్చగానే ఉందని ఆపేశాను తల్లీ. పసుపుముద్దలా ఉందని."

అర్ఫా ఆమె ముఖంలోకి చూసింది. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక కోప్పడలేదు, కుర్చీ చేతిమీద చెయ్యి ఆనించి, నాదే తప్పు, ఆకుపచ్చ అనాల్సింది అంది. తర్వాత చెవులకి హెడ్‌సెట్టు పెట్టుకుని శివరామకృష్ణ గారికి తనే ఫోన్ చేసింది. అవతలి మాట మౌలాబీకి వినపడలేదు. ఇంగ్లీషు నడిచింది కాసేపు, సారీలు నడిచాయి. ఆయన కరెంటు పోయిందేమో అని దారి చూపించాడంట, మంచివాడు గనక. అర్ఫా ఆ దారి పట్టబోయింది కూడా. అంతలో ఆయన ఇంకేదో అన్నాడు, రేపటినుంచి వారం రోజులు పొద్దుటినుంచి సాయంత్రం దాకా కెమెరా ఆన్‌లో పెట్టి ఉంచాలని, కంపెనీ పద్ధతంట, ఆయన చేతిలో లేదంట. అర్ఫా కుర్తా ముందుభాగం తడిసి, ఆ తడి మెల్లగా పెద్దదవుతోంది. ఒకవైపే తాగాడేమో, రెండోది పొంగింది. రేపు పదిన్నర. మౌలాబీకి తట్టింది అదే, అర్ఫాకీ అదే తట్టి ఉంటుంది.

"లేదండి, కరెంటు పోలేదు. నేను ఇంట్లో లేను," అంది అర్ఫా తెలుగులో. "నాకు బాబు పుట్టాడండి. తొమ్మిది రోజులైంది. వాడికి పాలివ్వడానికి వెళ్లాను. రేపు కూడా వెళ్తాను."

తర్వాత రెండుసార్లు ఊఁ అని, పర్లేదండి అని, హెడ్‌సెట్టు తీసి బల్ల మీద పెట్టింది. ముందే చెప్పాల్సిందన్నాడంట. చేరేటప్పుడు దాచినట్టు అవుతుంది కదా, పైవాళ్లకి చెప్పకుండా ఉండలేను, ఏమీ అనుకోవద్దు అన్నాడంట. అభినందనలు కూడా చెప్పాడంట. హయాత్ గుమ్మంలోంచి లోపలికెళ్లి మంచినీళ్ల గ్లాసు తెచ్చి భార్య పక్కన పెట్టి బయటికెళ్లి బండి తుడవడం మొదలుపెట్టాడు, తుడిచిన బండినే. అర్ఫా మాత్రం పని చేసుకుంటూనే ఉంది. మొదలుపెట్టినవి పూర్తి చేసి ఇస్తానంది. మసీదులో మధ్యాహ్నం అజాన్ మొదలైనప్పుడు ఆమె వేళ్లు ఆగిపోయాయి. అద్దం మీద అక్షరాలన్నీ ఒక్కసారి సర్దుకున్నట్టయి, ఏదో చిన్న గడి వచ్చింది. మౌలాబీ కళ్లజోడు సర్దుకుని ఆ మూల వెతికింది.

"ఇప్పుడేం రంగు తల్లీ? నాకు కనపడట్లేదు."

"రంగు లేదమ్మమ్మా. నా పేరే తీసేశారు."

పెట్టె మూసింది అర్ఫా. లేచి మంచం మీదకి వెళ్లకుండా అక్కడే నేల మీద కూర్చుని, మౌలాబీ మోకాలికి తల ఆనించింది. మౌలాబీ చెయ్యి లేచింది, గాలిలో ఆగింది, చీర కుచ్చిళ్ల మీద అరచేతిని ఒకసారి, రెండోసారి తుడుచుకుంది. మనవరాలి తల మీద పెట్టింది. జుట్టులో ఆసుపత్రి వాసన. ఎన్నో మాటలు వచ్చాయి నోటిదాకా, క్షమించు అని, నా వల్లే అని, పెద్దాసుపత్రిలో డాక్టరు చూసిన చూపు. వాటన్నిటినీ తోసుకుని వేరే మాట వచ్చింది.

"మీ అమ్మ కంటే ముందు నాకు ఒక కొడుకుండేవాడు."

ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనని మాట. అర్ఫా తలెత్తి, "ఎలా ఉండేవాడు?" అని అడిగింది.

"పచ్చగా ఉండేవాడు," అంది మౌలాబీ. యాభై రెండేళ్లుగా తనలో తను చెప్పుకున్న జవాబు అది, నాలుక మీదికి దానంతటదే వచ్చింది. ఆమె తల అడ్డంగా ఊపింది. "కాదు. పసుపుపచ్చగా ఉండేవాడు."